నలభై ఒక్కసార్లు దాచిన కొట్టు

మధ్యాహ్నం పన్నెండింటికి చీఫ్ అందించిన కాగితంలో ఐదు పనులున్నాయి.

ఒకటి: నిన్న సాయంత్రం చనిపోయిన రికార్డు క్లర్కు బల్ల ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి.

రెండు: పొద్దున్న టెక్నికల్ సెక్షన్‌లో తెరిపించిన ఆమె ఆఫీసు ఫోన్ తిరిగి తీసుకోవాలి.

మూడు: ఆ ఫోన్ బ్రౌజర్‌లో ఒకే అడ్రస్‌తో ఉన్న డూప్లికేట్ బుక్‌మార్కులు తీసేయించి, మిగిలినవి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాలి.

నాలుగు: శత్రువుల ముఠాతో ఆమెకు సంబంధం ఉందని రిపోర్ట్ రాసి సంతకం చేయాలి.

ఐదు: పైవన్నీ సాయంత్రం ఐదున్నరకి ముగించాలి. అప్పటిదాకా ఆఫీసు వదిలి వెళ్ళకూడదు.

ఐదో పని కింద ఎర్ర ఇంకు గీత ఉంది.

గూఢచారి శాఖ ఏజెంట్ సెవెంటీన్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అతని చెవులు వేడెక్కాయి.

"నాలుగోది నేను చెయ్యను సార్."

చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిన్ను అడగలేదు. ఆర్డర్ ఇచ్చాను."

"ఇరవై ఎనిమిదేళ్ళు ఈ ఆఫీసులో పని చేసిన మనిషి. రిపోర్ట్ ఎలా రాయాలో నాకు నేర్పింది ఆవిడే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇక్కడికొచ్చిన కొత్తలో కవరు మీద ఎవరి పేరు ముందు రాయాలో కూడా తెలీదు. ఒక్కరోజు కూడా నవ్వకుండా నేర్పించింది. ద్రోహి అని ఆవిడ మీదే నన్ను రాయమంటారా?"

"సెంటిమెంట్ బయట పెట్టుకో. మొన్న పట్టుబడ్డ తూనీగ ముఠా కొరియర్ ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ దొరికింది. బొత్తాలు అమ్మే కొట్టు. అదే సైట్ మీరంతా పిన్ని అని పిలిచే ఆవిడ ఫోన్‌లో నలభై ఒక్కసార్లు సేవ్ అయి ఉంది. విషయం బయటపడిందని తెలిసి, కంగారుగా పరుగెత్తి, వెనక మెట్ల మీంచి పడింది. అంతే."

"అందులో నలభై ఎందుకు తీసేయడం? అది సాక్ష్యం కదా!"

చీఫ్ ఇబ్బందిగా కదిలాడు. జవాబు పక్క కుర్చీలోంచి వచ్చింది.

"ఒకటి చాలదా సెవెంటీన్? నలభై ఒకటి ఉన్నాయని పైవాళ్ళు చూస్తే, ఆరు వారాలుగా మీరంతా నిద్రపోయారా అని అడుగుతారు. చీఫ్ గారి మర్యాద కూడా చూడాలి."

ఆమెను అందరూ ముత్యాలు అంటారు. మెడలో ఎప్పుడూ మూడు వరసల ముత్యాలు, గది దాటి వెళ్ళాక కూడా పది నిమిషాలు నిలిచే సెంటు. రెండేళ్ళ కింద తూనీగ ముఠా నుంచి తెగతెంపులు చేసుకుని ఇటువైపు వచ్చిన డబుల్ ఏజెంట్. ఇప్పుడు బయటి శాఖలతో సంప్రదింపులు చూసే లైజన్ ఆఫీసర్. ఆఫీసుకి వచ్చే ప్రతి కాల్ ఆమె డెస్క్ మీదుగానే పోతుంది.

"పాపం పెద్దావిడ," అంది ముత్యాలు, గోళ్ళ ఎర్ర రంగు చూసుకుంటూ. "వయసు మీద పడితే మతిమరుపు సహజం. దాచిందే మళ్ళీ మళ్ళీ దాచుకుని ఉంటుంది."

"మతిమరుపా, ద్రోహమా? ముందు మీరు ఏదో ఒకటి తేల్చుకోండి మేడమ్."

తలుపు గట్టిగా వేసి బయటికి నడిచాడు సెవెంటీన్.

*

ఆఫీసులో అందరికీ ఆమె పిన్నే. చాటుగా చుక్కల పిన్ని అనేవాళ్ళు. ఏ పేజీ తెరిచినా పైన ఉన్న నక్షత్రంలాంటి చుక్క గుర్తు నొక్కి దాచుకునే అలవాటు ఆమెది. ఆమె ఫోన్‌లో అన్నిటికీ ఫోల్డర్లుండేవి. 'మోకాళ్ళ నొప్పి', 'బస్సు టైములు', 'అమ్మాయి డ్యూటీ చార్ట్', 'చదవాలి', 'చదివాను, బాగాలేదు'.

"మనిషి మెదడు మీద ఎందుకు బాబూ అంత బరువు?" అనేది. "దేనికి ఎక్కడ చోటో చూసి అక్కడ పెడితే, రేపు మనం లేకపోయినా వెతుక్కునేవాడికి దొరుకుతుంది."

బల్ల సొరుగులో కళ్ళజోడు పెట్టె, దారపు ఉండ, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, వాటి అడుగున మూడు కాగితాలు దొరికాయి. చీఫ్‌కి ఆమె రాసిన నోట్ల కాపీలు. నెల కిందటి మొదటి నోటు తీసి నిలబడే చదివాడు.

'అయ్యా, మా అమ్మాయి నర్సు యూనిఫామ్‌కి బొత్తాలు ఊడితే ఆన్‌లైన్‌లో ఒక కొట్టు చూసి బుక్‌మార్క్ పెట్టుకున్నాను. మర్నాడు పొరపాటున మళ్ళీ పెట్టాను. రెండిటికీ అడ్రస్ ఒకటే, పేర్లు వేరు. బుక్‌మార్క్‌లో పేజీ పేరు మనం దాచిన రోజు ఎలా ఉంటే అలాగే ఉండిపోతుంది కదా. అంటే కొట్టువాళ్ళు రోజూ పేరు మారుస్తున్నారు. లోపల సరుకు మారదు, ధర మారదు, బోర్డు ఒక్కటే మారుతుంది. పైగా మూడు రంధ్రాల బొత్తాలట. ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నాను, నేనెక్కడా చూడలేదు. రోజూ మధ్యాహ్నం ఒకసారి దాచి, వారానికో ఫోల్డర్ చేస్తున్నాను. రంగుల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా దయచేసి చూడాలి.'

నోటు మూలన చీఫ్ చేతిరాత: 'చూశాను. ఫైల్లో పెట్టండి. కాపీ: లైజన్ ఆఫీసర్.'

రెండో నోటు మీదా అదే ముక్క. మూడో నోటు మీదా అదే. మూడోది నాలుగు రోజుల కిందటిది.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడుపు రాలేదు. అంతకంటే చెడ్డదేదో వచ్చింది. ఒక మనిషి మూడుసార్లు తలుపు తట్టింది. లోపలున్నవాళ్ళు తలుపు తియ్యకుండానే మూడుసార్లు 'చూశాను' అన్నారు.

టెక్నికల్ సెక్షన్ కిందుంది. మెట్లు మూడేసి చొప్పున దిగాడు.

"కేబుల్! ఆగు! డూప్లికేట్లు ముట్టుకోకు!"

మెడ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక వైరు వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ టెక్నీషియన్‌ని కేబుల్ అంటారు. అతను టీ గ్లాసు దించి నవ్వాడు. "ఇప్పుడే అయిపోయింది బాస్. నలభై పీకేశాను, ఒకటి ఉంచాను. ఫోన్ అద్దంలా ఉంది చూడు."

"పేర్లు వేర్వేరుగా ఉన్నాయి కదరా! చూసుకోలేదా?"

"సాఫ్ట్‌వేర్ అడ్రస్ చూస్తుంది బాస్, పేరు చూడదు. అడ్రస్ ఒకటైతే డూప్లికేటే."

"వెనక్కి తీసుకురా."

"అన్‌డూ ఐదు సెకన్లే కనబడుతుంది. నేను టీ పోసుకుంటున్నా." సెవెంటీన్ ముఖం చూసి కేబుల్ నవ్వు ఆగిపోయింది. "సింక్ కూడా ఆన్‌లో ఉంది. ఇదే అకౌంట్‌తో ఆవిడకి ఇంకో ఫోన్ ఉన్నా, అది నెట్‌కి తగిలిన మరుక్షణం అందులోవీ పోతాయి."

"తీసెయ్యమని నీకు ఎవరు చెప్పారు? చీఫా?"

"సంతకం చీఫ్‌ది. పొద్దుటినించి మూడుసార్లు ఫోన్ చేసి తొందర పెట్టింది మాత్రం ముత్యాలు మేడమ్."

సెవెంటీన్‌కి ఒకటి తట్టింది. పిన్ని ఇంట్లో పాత ఫోన్ ఒకటుంది. అద్దం పగిలినది. ఆ నంబర్‌కి కెమెరా లేని తన సొంత కీప్యాడ్ ఫోన్ నుంచి రింగ్ చేశాడు.

'మీరు కాల్ చేసిన నంబర్ ప్రస్తుతం అందుబాటులో లేదు.'

అంటే ఆ ఫోన్ ఇంకా నెట్‌కి తగల్లేదు. ఆ మాట విని సంతోషించడం అతని జీవితంలో అదే మొదటిసారి. ఆఫీసు వదలకూడదన్న ఆర్డర్ జేబులో ఉంది. దాంతో పాటే బైక్ తాళాలూ ఉన్నాయి.

*

పిన్ని కూతురు తలుపు తీసి, అతన్ని చూసి, తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడేం కావాలి అన్నయ్యా? పొద్దున్న మీవాళ్ళు ఇద్దరొచ్చి బీరువా బట్టలన్నీ నేల మీద పోసి వెళ్ళారు. మా అమ్మ ద్రోహి అట. పోస్ట్‌మార్టమ్ నుంచి మనిషినే ఇంకా ఇవ్వలేదు, బిరుదు మాత్రం ఇంటికి తెచ్చి ఇచ్చారు!"

"నన్ను తర్వాత తిట్టు చెల్లెమ్మా, ఎంతైనా పడతాను. అమ్మ పాత ఫోన్ ఎక్కడ?"

"అదిగో, టీవీ పక్కన. తెల్లారినప్పటి నుంచి ఒకటే పరామర్శలు. విసుగొచ్చి ఆ విమానం గుర్తు నొక్కేశాను." ఆమె వెళ్ళి ఫోన్ చేతిలోకి తీసుకుంది. "హాస్పిటల్‌కి చెప్పాలి, రేపు కూడా డ్యూటీకి రానని. ఒక్క నిమిషం..."

వేలు విమానం గుర్తు మీదికి వెళ్తోంది.

"ముట్టుకోకు!"

ఆ అరుపుకి ఆమె ఫోన్ వదిలేసింది. సెవెంటీన్ మోకాళ్ళ మీద జారి, నేలకి జానెడు ఎత్తున దాన్ని పట్టుకున్నాడు. అంతా చెప్పాడు. సింక్, డూప్లికేట్లు, మూడు నోట్లు. ఆమె అడ్డం తప్పుకుని కుర్చీ జరిపింది.

బ్రౌజర్ తెరిచి, మూల ఉన్న మెనూ నొక్కి, బుక్‌మార్కుల్లోకి వెళ్ళాడు. 'బొత్తాలు' అనే ఫోల్డర్. దాని లోపల ఆరు: మొదటి వారం నుంచి ఆరో వారం వరకు. ఒక్కో వారంలో ఏడేసి. ఆరో వారంలో ఆరే ఉన్నాయి. ఆరోది నిన్న మధ్యాహ్నం దాచింది. ఏడోది ఈ రోజుది. దాచడానికి ఆమె లేదు.

టై పిన్నులో ఉన్న కెమెరాతో ఫోటో తీయబోయాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆ కెమెరాకి బ్యాటరీ లేదు. చేత్తోనే రాసుకున్నాడు, చీఫ్ ఇచ్చిన ఐదు పనుల కాగితం వెనక వైపు.

ముప్ఫై ఏడింటిలో 'కొత్త సరుకు వచ్చింది', 'ఆదివారం సెలవు' వంటి మామూలు పేర్లే. నాలుగు మాత్రం వేరు.

'నీలం బొత్తాలు, మూడు రంధ్రాలు, పదకొండు డజన్లు.'

'పసుపు బొత్తాలు, రెండు రంధ్రాలు, ఏడు డజన్లు.'

'ఆకుపచ్చ బొత్తాలు, ఐదు రంధ్రాలు, తొమ్మిది డజన్లు.'

పెన్ను ఆగిపోయింది.

నీలం, పసుపు, ఆకుపచ్చ. తూనీగ ముఠా మీద సాక్ష్యం చెప్పేవాళ్ళని దాచిన రహస్య ఇళ్ళకి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేర్లు. నీలం ఇంటి మీద ముగ్గురు వచ్చి పడ్డారు, ఉదయం పదకొండింటికి. పసుపు ఇంటికి ఇద్దరు, ఏడింటికి. ఆకుపచ్చ ఇంటి మెట్ల మీద సెవెంటీన్ స్నేహితుడు చనిపోయినప్పుడు టైము తొమ్మిది. వచ్చినవాళ్ళు ఐదుగురు. ప్రతిసారీ పిన్ని దాచిన మర్నాడే. ప్రతిసారీ చీఫ్ రిపోర్టులో ఒకటే మాట: 'దురదృష్టం.'

దురదృష్టం కాదు. రెండో వారంలోనే పిన్ని చెప్పింది.

"నాలుగోది చదువన్నయ్యా," అంది కూతురు.

"ఊదా బొత్తాలు, నాలుగు రంధ్రాలు, ఐదు డజన్లు. నిన్నటిది."

ఊదా ఇంట్లో ముఠా లెక్కలన్నీ తెలిసిన ఒక ఇంజనీరు, అతని తల్లి, ఇద్దరు చిన్న ఆడపిల్లలు ఉన్నారు. రేపు కోర్టులో సాక్ష్యం. ఈ రోజు ఐదింటికి నలుగురు వస్తారు.

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

ఊదా ఇల్లు ఎక్కడో తెలిసినవాళ్ళు ముగ్గురే. చీఫ్, తను, ముత్యాలు. కాగితం తిప్పి ఐదో పని మళ్ళీ చదివాడు. ఐదున్నర దాకా ఆఫీసు వదలకూడదు. ఎర్ర ఇంకు. చీఫ్ ఎప్పుడూ నీలం ఇంకే వాడతాడు. ముత్యాల గోళ్ళు, ఆ గీత, రెండూ ఒకే రంగు.

"ఆఫీసుకి ఫోన్ చేస్తే ముత్యాలు మేడమ్ చెవికే వెళ్తుంది. పోలీసులకి చెప్పినా, నిజమేనా అని ముందు ఆఫీసుకే ఫోన్ చేస్తారు," అన్నాడు లేస్తూ. "ఊదా ఇంట్లో ఫోన్ లేదు. నేనే వెళ్ళాలి."

"ఏ వేషంలో? నీ ముఖం ఆమెకి తెలుసుగా." కూతురు అప్పటికే కొంగు బిగించి, గోడకి తగిలించిన యూనిఫామ్ అందుకుంది. "అక్కడ ముసలావిడ ఉందన్నావు. బీపీ చూడ్డానికి ఇంటికొచ్చిన నర్సుని నేను. వీల్‌చైర్ తోసుకొచ్చే వార్డ్ బాయ్‌వి నువ్వు. మాస్క్ పెట్టుకుంటే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు."

"చెల్లెమ్మా, ఇది..."

"మా అమ్మని మెట్ల మీంచి తోసిన చేతులేవో నేను చూడాలి. అడ్డం రాకు."

సెవెంటీన్ ఆటో పిలిచాడు. దారిలో హాస్పిటల్ దగ్గర ఆగి వీల్‌చైర్, మాస్కులు తీసుకున్నారు.

*

ఊదా ఇల్లు ఒక ఐదంతస్తుల బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు. నాలుగూ ఇరవైకి వీల్‌చైర్ లోపలికి వచ్చింది. కింద లిఫ్ట్ పక్కన వాచ్‌మన్ రేడియో వింటున్నాడు.

"పెద్దాయనా, ఈ లిఫ్ట్ మెయిన్ స్విచ్ ఎక్కడ?"

"ఎందుకు బాబూ? అది దానంతటదే ఆగుతుంది. వారానికి మూడుసార్లు."

"ఐదింటికి నలుగురు వస్తారు. ఏ వేషంలో వస్తారో తెలీదు. వాళ్ళు ఎక్కి, రెండో అంతస్తు దాటగానే ఆపాలి. తర్వాత పోలీసులకి ఫోన్ చెయ్యాలి. పిల్లల ప్రాణాల సంగతి."

వాచ్‌మన్ రేడియో కట్టేశాడు. "ఇన్నేళ్ళుగా నేనే ఆపుతున్నానని అందరూ నన్ను తిడుతున్నారు. ఒక్కసారైనా నిజంగా ఆపుతాను పదండి."

నాలుగో అంతస్తు తలుపు తట్టాడు. లోపలి నుంచి ఆడగొంతు: "ఎవరు?"

"మీటర్ రీడింగ్ తీసుకోవాలి." ఇది కోడ్.

"మా మీటర్ పనిచెయ్యదు." జవాబు కోడ్. తలుపు తెరుచుకుంది.

పిల్లల్ని, తల్లిని, ఇంజనీరుని ఎదురు ఫ్లాట్‌లోకి పంపడానికి పదిహేను నిమిషాలు పట్టింది. చెప్పులు కనబడలేదని పెద్ద పాప పేచీ పెట్టింది. బామ్మ మందుల డబ్బా కోసం రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఎదురింటి టీచర్ నర్సు డ్రెస్ చూసి, గ్యాస్ లీకేజి అన్న మాట నమ్మి, అందరికీ మంచినీళ్ళిచ్చింది. ఖాళీ ఇంట్లో టీవీ మోగుతూ ఉండనిచ్చి, సెవెంటీన్ తలుపు ఎదురుగా కూర్చున్నాడు. కూతురు వీల్‌చైర్‌తో తలుపు వెనక నక్కింది. ఆమె చేతిలో పాత ఫోన్ రికార్డింగ్‌లో ఉంది. విమానం గుర్తు అలాగే ఉంది.

నాలుగూ యాభై మూడు. మెట్ల మీద హైహీల్స్ చప్పుడు. చప్పుడు కంటే ముందే సెంటు వాసన వచ్చింది.

"మీటర్ రీడింగ్ తీసుకోవాలి," అంది తియ్యని గొంతు.

కూతురు తలుపు వెనకే ఉండి, బామ్మలా గొంతు వణికిస్తూ జవాబు కోడ్ చెప్పి గడియ తీసింది. ముత్యాలు నవ్వుతూ లోపలికి రెండడుగులు వేసింది. కుర్చీలో ఎవరున్నారో చూసింది. నవ్వు అలాగే ఉంది. చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"ఆఫీసు వదలొద్దని చెప్పాం కదా."

"పనులు తొందరగా అయిపోయాయి మేడమ్."

సెవెంటీన్ జేబులోని, మత్తు గ్యాస్ చిమ్మే పెన్ను తీసి నొక్కాడు. రీఫిల్ ఎండిపోయి ఉంది. డిపార్ట్‌మెంట్ సప్లై.

"అయ్యో," అంది ముత్యాలు. "కొత్తవి కావాలని నువ్వు పెట్టిన ఇండెంట్ నా దగ్గరే ఆగింది. సరే చెప్పు, ఎలా కనిపెట్టావు? ఆ పేజీలన్నీ నేనే చెరిపించానుగా."

"పిన్ని ఇంకో చోట కూడా దాచింది."

"ముసలిది!" మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "ఆరు భాషలు నేర్చుకున్నాను. రెండు దేశాల్ని వేలికి చుట్టి ఆడించాను. బొత్తాలు కుట్టుకునే గుమాస్తా నాకు అడ్డమా? నిన్న మెట్ల దగ్గర కూడా ఫోన్ వదల్లేదు. తోసేసినా గుప్పెట్లోనే పట్టుకుని పడింది..."

బయట ఎక్కడో గట్టిగా ఒక కుదుపు, ఆ తర్వాత నలుగురు మగాళ్ళు తలుపు బాదుతున్న చప్పుడు. ముత్యాల ఫోన్ మోగింది. అవతలి గొంతు గదంతా వినబడింది: "మేడమ్, లిఫ్ట్ ఆగిపోయింది! కరెంట్ లేదు!"

ముత్యాల కళ్ళు తిరిగి సెవెంటీన్ మీదికొచ్చాయి. పిస్టల్ అతని నుదుటి ఎత్తుకి లేచింది. టీవీలో ఐదు గంటల వార్తల గంట మోగింది.

ట్రిగర్ మీద వేలు బిగుసుకునే క్షణంలో, వెనక నుంచి వీల్‌చైర్ ఆమె మడమలకి తగిలింది. పేలిన తూటా సీలింగ్ ఫ్యాన్ రెక్కని వంచింది. ముత్యాలు వెనక్కి పడి, సరిగ్గా వీల్‌చైర్‌లో కూలబడింది. మెడలో దండ తెగి, ముత్యాలు గది నాలుగు మూలలకీ దొర్లాయి. సెవెంటీన్ పిస్టల్ లాక్కున్నాడు.

కూతురు ఆమె చేతుల్ని కట్టు గుడ్డతో కుర్చీకి బిగించింది. ఒక్కో ముడి వేస్తూ ఆ వేళ్ళనే చూసింది. ఎర్ర గోళ్ళు.

"ఈ చేతులేనా?" అని అడిగింది.

ముత్యాలు ముఖం తిప్పుకుంది.

కింద వాచ్‌మన్ పోలీసులతో ఫోన్‌లో మాట్లాడుతున్న గొంతు పైకి వినబడుతోంది. "సామాన్లు మోసేవాళ్ళ వేషంలో నలుగురండీ, లిఫ్ట్‌లో ఉన్నారు. మీరు భోంచేసి వచ్చినా పర్లేదు, మెకానిక్ ఎప్పుడూ రెండు గంటలకి తక్కువ రాడు."

*

మర్నాడు సాక్ష్యం జరిగింది. ఆ మరుసటి ఉదయం చీఫ్ గదిలో సెవెంటీన్ నిలబడ్డాడు. బల్ల మీద కొత్త రిపోర్ట్ ఉంది. 'డిపార్ట్‌మెంట్ ఆధునిక సాంకేతిక పరిజ్ఞానంతో కుట్ర భగ్నం' అని మొదలవుతుంది. పిన్ని పేరు ఎక్కడా లేదు.

"ద్రోహి అన్న ముద్ర తీసేస్తాం," అన్నాడు చీఫ్, కళ్ళు ఎత్తకుండా. "ప్రొసీజర్ ఉంది. కుటుంబ సభ్యులు మూడు కాపీల్లో అప్లికేషన్ పెట్టుకోవాలి."

"ఆవిడ మూడు కాపీలు ఎప్పుడో పెట్టింది సార్." సెవెంటీన్ మూడు నోట్లనీ ఆ రిపోర్ట్ మీద ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. "మూడింటి మీదా మీ చేతిరాత ఉంది. వీటి ఫోటోలు, కేబుల్ కాపీ తీసిన రికార్డింగ్ పైవాళ్ళకి ఈ పొద్దున్నే వెళ్ళాయి. ఈసారి మీ మీదుగా వెళ్ళలేదు."

చీఫ్ ముఖం తెల్లబోయింది. సెవెంటీన్ జేబులోంచి ఐదు పనుల కాగితం తీసి చూపించాడు. ఒక వైపు ఐదు పనులు. వెనక వైపు నలభై ఒక్క వరసలు.

"నాలుగో పనికి రిపోర్ట్ రాశాను సార్. శత్రువుల వెబ్‌సైట్‌తో ఆవిడకి ఏం సంబంధమో వివరంగా రాశాను. సంతకం కూడా పెట్టాను."

మధ్యాహ్నం పిన్ని కూతురు పాత ఫోన్‌ని విమానం గుర్తులోంచి తీసింది. రెండు సెకన్లలో నలభై బుక్‌మార్కులు మాయమయ్యాయి. కేబుల్ చెప్పింది నిజమే. ఆమె ఫోన్ సెవెంటీన్ చేతికిచ్చింది. వాటి పని అయిపోయింది. సెవెంటీన్ ఆ కొట్టు అడ్రస్ తెరిచాడు. పోలీసులు పేజీ పేరు మార్చారు: 'ఈ దుకాణం మూసివేయబడింది.'

పైన ఉన్న చుక్క నొక్కాడు. ఆరో వారం ఫోల్డర్ తెరిచి, పిన్ని దాచలేకపోయిన ఏడోదాని చోట పెట్టాడు.

మీ ఫోన్‌లో ఏ పేజీ మీదో ఆ చుక్క నొక్కేటప్పుడు, ఏ ఫోల్డర్‌లో పెట్టాలా అని ఒక్క క్షణం ఆగుతారు కదా. ఆ ఒక్క క్షణం చుక్కల పిన్నిని తలుచుకోండి. డూప్లికేట్లు తీసేసే తొందరలో ఉంటే, ముందు పేర్లు చదవండి.